తెర తీసిన సాయంత్రం

1979 జూన్‌లో నన్ను ఓడరేవు కార్మికుల ఆసుపత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డుకు సిస్టర్ ఇన్‌ఛార్జిగా వేశారు. ముప్పై మంచాలు. నా నోటికి వార్డంతా హడలిపోయేదని అంటారు, అబద్ధమేమీ కాదు.

తొమ్మిదో మంచంలో యోహాను, కడుపులో పుండుకు ఆపరేషన్ కోసం వచ్చినవాడు. పదో మంచంలో దానియేలు, తొడ ఎముక విరిగి, కాలికి బరువు కట్టించుకుని కదలకుండా పడుకున్నవాడు. ఇద్దరూ ఓడల్లో సరుకులు ఎత్తి దించే మల్కాపురం కళాసీలే, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. యోహానుది బాప్టిస్టు సంఘం, దానియేలుది లూథరన్. నీళ్లలో ముంచి ఇచ్చిన బాప్తిస్మం గొప్పదా, చిలకరించింది గొప్పదా అని పొద్దస్తమానం వాదించుకునేవారు. తెల్లవారితే మాత్రం దానియేలుకు ముఖం కడిగించేది యోహానే.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం యోహాను కోరికపై వాళ్ల పాస్టరుగారు ప్రభు భోజనం, అంటే ప్రార్థన చేసి పెట్టే రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వడానికి వచ్చారు. మత్తుమందుకు కడుపు ఖాళీగా ఉండాలి కనుక ఎనిమిది దాటితే మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు. కట్లు మార్చినా, ప్రార్థన జరిగినా మంచం చుట్టూ తెర పెట్టడం మా పద్ధతి. పెట్టాను.

"ఏటి సిస్టరమ్మా, బావకీ నాకూ మజ్జిన గోడెట్టేసినారు? రేపు లెగుస్తానో లేదో. నాను ఒక్కన్నే తీసుకోను" అన్నాడు యోహాను.

ముంచిన బాప్తిస్మం పొందనివారికి తమ సంఘంలో ఇవ్వరని పాస్టరుగారు నొచ్చుకుంటూనే చెప్పారు. తెర అవతలి నుంచి దానియేలు, "మీ కట్టడి తప్పమని నాను అడగను అయ్యగారూ. బావా, నువ్వు తీసేసుకో" అన్నాడు. యోహాను అటు తిరిగి పడుకున్నాడు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆ మొండితనానికి కోపం వచ్చింది, ఆ భయానికి జాలీ వేసింది.

నేను రోమన్ కాథలిక్‌ని. ఈ రెండు పంక్తుల్లోనూ నాకు చోటు లేదు. దానియేలు వాళ్ల చర్చి పక్కనున్న మందుల షాపుకు ఫోను చేసి, ప్రభు భోజనం తీసుకుని రమ్మని వాళ్ల పాస్టరుగారికి కబురు పంపించాను. ఆయన వచ్చేదాకా ఆగుతానని బాప్టిస్టు పాస్టరుగారే అన్నారు. అప్పటికి ఏడు.

ఏడూ నలభైకి లూథరన్ పాస్టరుగారు సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చారు. చూడవచ్చేవారి వేళ దాటిందని వాచ్‌మన్ ఆపితే నేనే గేటు దగ్గరకు పరుగెత్తాను. ఒకరివి రొట్టె ముక్క, ద్రాక్షరసం; మరొకరివి పల్చటి అప్పం, వెండి పాత్ర. తెర నేనే తీశాను. ఎవరి పాస్టరు వాళ్లకే ఇచ్చారు. ఎవరి నియమమూ చెడలేదు. కానీ ఒకరి ప్రార్థనకు మరొకరు ఆమేన్ అన్నారు, బావలిద్దరూ ఒకేసారి నోట వేసుకున్నారు. నేను చేతులు జోడించి మంచాల మధ్య నిలబడ్డాను. ఎనిమిదికి యోహాను మంచానికి 'నోటితో ఏమీ ఇవ్వరాదు' అన్న అట్ట కట్టాను.

పన్నెండో రోజున యోహాను నడిచి ఇంటికి వెళ్లాడు. వాదన ఆ ఉదయం కూడా జరిగింది.

తెర రోగి మర్యాద కోసమని మాకు శిక్షణలో నేర్పారు. ఆ సాయంత్రం తర్వాత, రిటైరయ్యేదాకా, రోగిని అడగకుండా నేను తెర పెట్టలేదు.