పదిహేను అడుగుల దూరం

మా ఆయన్ని పత్రికాఫీసులో అందరూ కొంగ అనేవారు. గొడవ ఎక్కడ జరిగినా కెమెరా పట్టుకుని, మెడ సాచి, కదలకుండా నిలబడేవారు. మామూలు లెన్సుతో ముఖం తీయాలంటే మీద పడేంత దగ్గరికి వెళ్లాలి. అలా వెళ్లి ఒకసారి భుజం విరగ్గొట్టుకున్నారు, ఇంకోసారి రెండు పళ్లు పోగొట్టుకున్నారు.

అందుకే కాస్త దూరం నుంచి తీసే లెన్సు కొనడానికి నేనూ వెంట వెళ్లాను. పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన రెండు బయట పెట్టాడు: ఒకటి తొంభై మిల్లీమీటర్లది, ఇంకోటి నూట ముప్పై అయిదుది. అంకె పెద్దదైతే అంత దూరం నుంచి తీయొచ్చని నేను పెద్దదాని మీద చెయ్యి వేశాను. తన కెమెరాలో లెన్సులోంచి కాక పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలనీ, పెద్ద లెన్సు పెడితే అందులో చట్రం గోరంతే ఉంటుందనీ, గురి కాస్త తప్పినా ముఖం అలుక్కుపోతుందనీ మా ఆయన ఓపిగ్గా చెప్పారు.

"అంత దూరం నుంచి తీస్తే కర్ర కనిపిస్తుంది, కొట్టినవాడు కనిపించడు."

"వాడెవడో నాకెందుకండీ? సాయంత్రానికి మీరు కనిపిస్తే చాలు."

"లెన్సయితే వారంలోగా మార్చిస్తానమ్మా," అన్నాడు ముసలాయన. "మీ ఆయన్ని మార్చడం నావల్ల కాదు."

నవ్వొచ్చింది. తొంభయ్యే కొన్నాం.

కొట్లాటలో గురి చూసుకునే తీరిక ఉండదు. పదిహేను అడుగుల దూరంలో ఉన్న ముఖం స్పష్టంగా పడేలా లెన్సును ముందే బిగించేసి, ఆ దూరాన్ని కాళ్లతో కాపాడుకునేవారు. ఎదుటివాడు వెనక్కి జరిగితే ఈయన ముందుకి, వాడు ముందుకొస్తే ఈయన వెనక్కి. వరండాలో నన్ను గొడుగెత్తి మీదికి రమ్మని సాధన చేసేవారు. కూరలకు వెళ్తున్నట్టు కాదే, కోపంగా రా అనేవారు.

ఒకరోజు మిల్లు గేటు దగ్గర కాపలావాళ్లు సమ్మెలో ఉన్నవాళ్ల మీద ఇనపరాడ్లతో పడ్డారు. కిందపడ్డ కార్మికుడి దవడ ఊడి వేలాడుతున్నా ఒకడు కొడుతూనే ఉన్నాడు. మా ఆయన మూడు ఫొటోలు తీశారు. వాడు తలెత్తి చూసి, రాడ్డుతో ఇటు తిరిగాడు. ఆయన పరిగెత్తలేదట. కెమెరా కంటి దగ్గరే ఉంచుకుని, ఫొటోలు తీస్తూ, అడుగడుగే వెనక్కి వేశారని ఎదురుగా టీ అమ్మే అతను చెప్పాడు. వీపు గోడకు తగిలింది. మొదటి దెబ్బ మణికట్టు మీద, రెండోది కణత మీద. పడిపోయాక కూడా ఆపలేదు. ఆసుపత్రి శవాల గదిలో ఆయన్ని నేను చొక్కా చూసి గుర్తుపట్టాను.

కెమెరా నుజ్జయింది, ఫిల్ము మిగిలింది. ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పలేమని కోర్టులో వాడి వకీలు వాదించాడు. సాక్షిగా పిలిచిన వాడి తల్లి చేతికి ఫొటో ఇచ్చారు. ఆమె కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"మావాడే," అంది. "కనుబొమ్మ మీద ఇదిగో, చిన్నప్పుడు మంచం కోడు తగిలిన గాటు."

నేను ఎంచిన పెద్ద లెన్సులో ఆ గాటు వచ్చేది కాదు. అయినా ఈరోజు మళ్లీ ఆ కొట్టుకు వెళ్తే, నా చెయ్యి దాని మీదే పడుతుంది.