కంటి చుట్టూ తెల్ల వలయం

మా ఊళ్లో ఏ ఆబోతునూ మూడేళ్లకు మించి ఉంచుకోరు. దాని కూతుళ్లు ఎదకొచ్చే లోపే అది ఊరు దాటాలి.

పాల్వంచ అవతల, అడవి అంచున ఉంటాం. ఆవులు అడవిలో మేసొస్తాయి, దాణా పెట్టే అలవాటు లేదు. మా అత్త ఆబోతును కట్టేసి ఉంచి, వినాయక చవితి దాటాకే మందలోకి వదిలేది. అప్పుడైతేనే ఆరుద్ర కార్తెలో, కొత్త గడ్డి లేచే వేళకు ఆవులు ఈనుతాయి. ఆబోతును ఎంచేటప్పుడు ఆమె దాని తల్లిని చూసేది. నడి ఎండల్లో ఆ తల్లి ఒళ్లు నిలబెట్టుకుందా, గడ్డి వేళకే ఈనిందా అని చూసేది. పెళ్లిచూపుల్లో నన్నూ అలాగే చూశావని ఆటపట్టిస్తే, "అవ్, నీ తల్లిని చూసే తెచ్చుకున్న" అనేది.

అలా తెచ్చినవాటిలో ఎర్ర ఆబోతు ఒకటి. ఎడమ కంటి చుట్టూ తెల్ల వలయం. అత్త నాలుకతో టక్కుమని పిలిస్తే వాగు అవతలి నుంచి కూడా వచ్చేది. దాని గడువు తీరే ఏడాదే, వీర్యం సేకరించే కేంద్రం వాళ్లు ఊరూరా తిరుగుతూ మా ఇంటికొచ్చారు. వట్టి గడ్డి మీదే పాలిచ్చే ఆవుల జాతి వాళ్లకు కావాలట. ఎలాగూ ఊరు దాటాల్సిందే కదా అని ఇచ్చేశాం. వ్యాను ఎక్కించిన రోజు అత్త అన్నం ముట్టలేదు. తర్వాతి ఏడు, ఒళ్లంతా గడ్డలు లేచే లంపీ రోగంతో అది అక్కడే చచ్చిపోయిందని కబురొచ్చింది. మేం కొత్తగా తెచ్చుకున్న ఆబోతునూ ఆ రోగమే తీసుకుపోయింది.

ఎర్ర ఆబోతు కూతుళ్లలో పెద్ద పెయ్య తొలిసారి ఎదకొచ్చేసరికి ఊళ్లో ఆబోతే లేదు. ఆవులకు చూలు సూది వేసే ఆయనకు ఫోన్ చేశాను. "దాణా తినే జాతి వద్దు అన్నా. గడ్డి మీద బతికేది ఉంటే తీసుకురా" అన్నాను. ఆయన నైట్రోజన్ డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ లేచింది. అందులోంచి వీర్యం నింపిన సన్నటి గొట్టం పైకి తీశాడు.

"నువ్వు అడిగిన రకమే తెచ్చిన అక్కా" అన్నాడు.

ఆరుద్రలోనే ఈనింది. కోడె దూడ. జిగురు తుడుస్తుంటే ముందు ఎడమ కన్ను కనిపించింది. చుట్టూ తెల్ల వలయం. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. సూది ఆయనకు ఫోన్ చేస్తే, కేంద్రంలో కనుక్కుని చెప్పాడు: "మీ కాడ్నుంచి పోయిన దానిదేనంట అక్కా. నాకు నంబరే ఇస్తరు, ఊరు ఎట్ల తెలుస్తది?"

మాకు సరిపోయేది అడిగితే మాదే ఇచ్చారు. చచ్చిపోయినది తిరిగొచ్చి తన కూతురినే చేరింది.

దూడ కాళ్ల మీద నిలబడలేకపోయింది. అత్త ముర్రుపాలలో గుడ్డ ముంచి నోట్లో పిండింది. ఒకసారి తెలియకుండానే నాలుకతో టక్కుమంది. దూడ తల ఎత్తి, ఆమె వైపు చూసింది. ఆ సాయంత్రానికే దాని ఊపిరి ఆగింది. అత్త వలయం ఉన్న కన్ను మూసి, "పోయినోడివి పోక ఎందుకొచ్చినవ్ రా" అంది.

ఈ ఏడు చవితి దాటాక చిన్న పెయ్య ఎదకొచ్చింది. అదీ ఎర్రదాని కూతురే. ఊళ్లో ఇంకా ఆబోతు లేదు. సూది ఆయన వేరే రకం తెచ్చానన్నాడు. అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏరేదని నాకెట్ల తెలుస్తది? దానికి మొకం ఉన్నదా, తల్లి ఉన్నదా?"

"అక్కడ అన్నీ చూసే ఇస్తరు పెద్దమ్మా."

"ఆ పోయినోడివి ఇంకెన్ని గొట్టాలు ఉన్నయి?"

"తెల్వదు."

నాకు అత్త మీద కోపమొచ్చింది. ఇప్పుడు చూలు కట్టకపోతే వచ్చే ఆరుద్రకు పాలుండవు. ఈ జాతిలో మాకు మిగిలింది పెద్దదీ, ఇదీ రెండే. ఆ మాట అందామని నోరు తెరిచాను. మూత సందులోంచి పొగ జారి, నేల మీద మా కాళ్ల వైపు వచ్చింది. "వద్దు, తీసుకెళ్లు" అన్నాను, నేనే.

పెయ్య రాటకు కట్టి ఉండి పొద్దంతా అడవి వైపు అరిచింది. అటునుంచి జవాబు వస్తుందేమోనని నేను భయంతో వింటూ కూర్చున్నాను.