అమ్మను చూసి జడుసుకున్న సరోజ

1969 వేసవి. గోదావరిఖనిలో బొగ్గుగని పక్కనున్న పిల్లల గదిలో ఆయాగా నాకది మూడో ఏడు. ఆఫీసు వాళ్లు దాన్ని ‘క్రెష్’ అనేవారు. తల్లులు షిఫ్టు దిగేదాకా వాళ్ల పసిపిల్లలను మేం చూసుకునేవాళ్లం. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గోడమీద పిల్లల పేర్లు రాసి ఉన్నా, ఎవరు ఎవరో ఏడుపును బట్టే చెప్పేదాన్ని.

ఆడవాళ్లను గనిలోకి దించరు. మా దగ్గరి తల్లులంతా పైన ‘షేల్ పికింగ్’ చేసేవారు. కదిలే బెల్టు మీద బొగ్గు వస్తుంటే అందులోని రాళ్లను చేత్తో ఏరి అవతల పడేయడమే ఆ పని. షిఫ్టంతా నిలబడాలి, దుమ్ము మింగాలి. అయినా అది పర్మినెంటు ఉద్యోగం. కానీ కాన్పు తర్వాత చాలామంది మానేసేవారు. వాళ్ల స్థానంలో మళ్లీ ఆడవాళ్లను తీసుకోవడం తగ్గిపోతోంది. ఒకసారి బయటికి పోతే అంతే.

కనకవ్వ మాత్రం కాన్పు తర్వాత తిరిగొచ్చింది. కమాన్‌పూర్ దగ్గరి పల్లె పిల్ల. మాట పెద్దది, మనిషి చిన్నది. ఆమె కూతురు సరోజ మొదట్లో నన్నేమీ ఇబ్బంది పెట్టలేదు. తల్లులకు షిఫ్టు మధ్యలో ‘ఫీడింగ్ టైమ్’ అని కాసేపు విడుపు ఉండేది. కనకవ్వ పరుగున వచ్చి చేతులూ రొమ్మూ కడుక్కుని పాలిచ్చి, మళ్లీ పరుగున పోయేది. ముఖం కడగడానికి సమయం చాలదు. చెమటకు తడిసిన బొగ్గుపొడి ఒకసారి నీళ్లు చల్లుకుంటే పోయేది కాదు, ఇంకా పులుముకునేది.

ఏడో నెల రాగానే సరోజకు ముఖాలు తెలిశాయి. ఒకరోజు కనకవ్వ ఎత్తుకోబోతే, ఆ నల్లటి ముఖంలో తెల్లటి కళ్లు చూసి పాప కెవ్వుమంది. నా మెడ పట్టుకుని వదలలేదు. మర్నాడూ అంతే. పైట కప్పి పాలిద్దామని చూశాం. పాప పైట లాగి, ముఖం చూసి మళ్లీ గోల.

“అక్కా, నా బిడ్డకు నేను దయ్యం లెక్క కనబడుతున్ననా?” అంది కనకవ్వ, పాలతో రొమ్ములు సలుపుతుంటే.

“దయ్యమైతే సైరను మోగంగనే ఉరికొస్తదా? దానికేం డ్యూటీ ఉన్నది?” అన్నాను. నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. ఆ తుడుపుకు ముఖం ఇంకా చారలు పడింది.

రోజంతా సరిగా తాగక పాప చిక్కిపోయింది. కనకవ్వ అత్త రాజవ్వ ఒకనాడు క్రెష్‌కే వచ్చి కోడల్ని నిలదీసింది. “ఐతారం దాక చూస్త. గప్పటికి పిల్ల పాలు తాగకుంటె బెల్టు ఇడిసి ఇంట్ల కూసో.”

“ఒక్కసారి ఇడిస్తే మల్ల పెట్టుకోరత్తా.”

“పెట్టుకోకుంటె పాయె. పిల్లకంటె ఎక్కువనా?”

ఆమెది తప్పని నేననలేను. ఆమె బాధ ఆమెది.

మర్నాడు నాకు ఒక ఉపాయం తోచింది. సరోజకు నల్లటి ముఖం అలవాటు చేద్దామని బయటికి పోయి బొగ్గుపొడి ముఖానికి పూసుకుని గదిలోకి వచ్చాను. సరోజ ఒక్కతే కాదు, గదిలోని పిల్లలంతా ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. అప్పుడే బెల్టు సూపర్‌వైజర్ ఖాసింభాయ్ అటుగా పోతూ తలుపులోంచి కేకేశాడు.

“ఓ అమ్మా! డ్యూటీ ఇడిసి గీడ కూసున్నవేంది? నడు, జల్ది!”

“అన్నా, నేను ఆయాను!”

ఆయన దగ్గరికొచ్చి చూసి, గోడకు ఆనుకుని మరీ నవ్వాడు. “మరి గా ఆయా యాడికి పోయిందని పోరగాండ్లు ఏడుస్తుండ్రు!”

ఆ మాటతో నాకు నా పొరపాటు తెలిసింది. తెలిసిన ముఖం బయటికి పోయింది, తెలియని ముఖం లోపలికి వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో పిల్లలు చూడలేదు కదా!

శుభ్రంగా కడుక్కుని, సరోజను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని ముందే ముక్కు మీద బొగ్గుపొడితో ఒక చుక్క పెట్టుకున్నాను. ఊరికే చూసింది. మాట్లాడుతూనే చెంపకు ఒక గీత, గడ్డానికి ఒక గీత. కాసేపటికి తనే వేలితో నా ముక్కు రుద్దింది. ముఖమంతా నల్లబడేసరికి నా చెవి పట్టుకుని కిలకిలమంటోంది. రోజూ అదే ఆట ఆడాం. కనకవ్వకు ఒకటే చెప్పాను. “సప్పుడు జెయ్యకుంట రాకు. గడప అవతల్నుంచే ముచ్చట వెట్టుకుంట రా.”

ఐతారానికి ముందురోజు, శనివారం ఫీడింగ్ టైమ్‌కు ముందే రాజవ్వ వచ్చి కూర్చుంది. బయటినుంచి కనకవ్వ గొంతు వినిపించింది. “సరూ, ఓ సరూ, ఏం జేస్తున్నవ్ బిడ్డా?” పాప తల తిప్పింది. నల్లటి ముఖం చూసి పెదవి వంచింది. కనకవ్వ మాట ఆపలేదు. పాప నా ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది, చెయ్యి చాచి తల్లి ముక్కు రుద్దింది. తర్వాత గుటక గుటకకూ చప్పుడయ్యేలా తాగింది.

రాజవ్వ మనవరాలి నల్లటి మూతి తుడుస్తూ అంది, “ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు. సరే పో, బెల్టు ఆగదు నీకోసం.”

కనకవ్వ మానలేదు. బెల్టు మీద అందరికంటే సీనియర్ అయ్యేదాకా చేసింది.

చాలా ఏళ్లకు వయోజన విద్య కేంద్రంలో చదవడం నేర్చుకున్నాక, పేపర్లో ‘శ్రామిక శక్తి భాగస్వామ్యం’ అనే మాట చూసి మా పంతులమ్మను అడిగాను. పనిచేసే వయసున్న వాళ్లలో, పనిలో ఉన్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిసి నూటికి ఎందరో చెప్పే లెక్క అట అది. ఆడవాళ్ల విషయంలో అది దిగజారడం నేను మా బెల్టు మీదే చూశాను. కొందరిని యంత్రాలొచ్చి పంపించాయి. అక్కడ నేను చేయగలిగింది లేదు. మిగిలినవాళ్ల దగ్గర మాత్రం, మధ్యలో ఏం జరిగిందో చూడాలని సరోజ నేర్పిన పద్ధతే పాటించాను. పని మానేస్తానని ఏ తల్లి వచ్చినా “ఎందుకు” అని అడిగేదాన్ని కాదు. అలా అడిగితే అందరూ “ఇంట్ల వద్దంటుండ్రు” అనే చెప్పేవారు. “ఏ పూట కష్టమైతుంది?” అని అడిగేదాన్ని. జవాబు చెబితే ఆ ఒక్క పూటకు దారి వెతికేవాళ్లం. అలా చెప్పినవాళ్లు చాలామంది మర్నాడు షిఫ్టుకు వచ్చారు.