తాళంచెవితో రాయిని గీకే మేడమ్

మా ఉప్పాడ బడిలో సోషల్ మేడమ్ ఏ రాయి కనబడినా ఊరుకునేవారు కాదు, గట్టిదో కాదో తన ఇంటి తాళంచెవితో గీకి చూసేవారు. మా ఊళ్ళో ఎంత తవ్వినా ఇసకే తప్ప రాయి తగలదు. అందుకే రాళ్ళ పాఠానికి ఇళ్ళనుంచి తెమ్మన్నారు. రుబ్బురోలు పొత్రం అగ్నిశిల, అరుగుమీది కడప బండ అవక్షేపశిల, చలువరాతి ముక్క రూపాంతర శిల. ఆ తర్వాత హిమానీనదం పాఠం. కొండల్ని చెక్కేసి, ఆ రాళ్ళని మోసుకొచ్చి పల్లంలో వదిలే మంచు.

"మన పల్లానికి మంచు రాదర్రా, లారీలొస్తాయి" అని నవ్వారు.

ఆ వారమే, ఊరిని కోసేస్తున్న సముద్రానికి అడ్డంగా వెయ్యడానికి రాళ్ళ లారీలొచ్చాయి. మేడమ్ ఒక బండని గీకితే పిండిలా రాలింది.

"మీరెళ్ళి పాఠం చెప్పుకోండి మేడమ్ గారూ" అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

ఆవిడ అరవడం అదే మొదటిసారి విన్నాను. "మంచుకి కళ్ళు లేవండీ, దొరికిన రాయల్లా తెచ్చి పడేస్తుంది. మీకేమైందండీ? ఈ ఇళ్ళు కనబడట్లేదా?"

అంత కోపంలోనూ 'అండీ' మానలేదు. నాకైతే ఇప్పటికీ వాణ్ణి అలా పిలవబుద్ధి కాదు. చివరికి ఆ రాళ్ళే వేశారు. వానాకాలం వెళ్ళకుండానే ఆ రాళ్ళు చితికిపోయాయి, వాటి వెనకే మా ఇల్లూ పోయింది.

ఇప్పుడు మళ్ళీ లారీలొస్తున్నాయి. దించిన ప్రతి బండనీ గీకి చూస్తున్నాను, సముద్రంలో కలిసిపోయిన మా ఇంటి తాళంచెవితో.