సారా కంపెనీలో నాగవ్వ ఆరు రోజులు

మా కోరుట్లలో, మా గల్లీ చివరింట్లో ఉండే నాగవ్వ, సకల జనుల సమ్మె అప్పుడు ఆరు రోజులు సారా కంపెనీలో కూర్చుని తాగిందనీ, తాగి ఎర్రగా బుర్రగా తిరిగొచ్చిందనీ ఒక మాట ఉంది. ఆ మాట మెట్‌పల్లి దాకా పోయింది. సిరిసిల్ల దాకా కూడా పోయింది. అది అబద్ధం. అంత గట్టిగా ఎట్లా చెబుతున్నావని అడిగితే, దాన్ని పుట్టించింది నేనే కాబట్టి.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇంకో రెండు తరగతులు చదివి ఉంటే పోలీసుల్లో చేరేదాన్నని మా ఆయన అంటాడు. గల్లీలోకి కొత్త మనిషి ఎవరొచ్చినా మా గడప ముందు ఆగాలి. ఎవరింటికి, ఏం పని, ఎప్పుడు పోతారు, సంచిలో ఏముంది అని అడిగి పంపుతాను. ఈ నౌకరీ నాకు ఎవరూ ఇవ్వలేదు. వద్దన్నవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

నాగవ్వ పని పసిపిల్లలకూ బాలింతలకూ నీళ్లు పోయడం. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోసి, కాళ్లు రెండూ చాపి, ఆ కాళ్ల మీద పిల్లను బోర్లా పడుకోబెడుతుంది. నూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో మోచేత్తో చూసుకుని పోస్తుంది. తలమీద పోసేటప్పుడు నుదుటికి అరచెయ్యి చూరులాగా అడ్డం పెడుతుంది. ముక్కులోకి ఒక్క చుక్క పోదు. ఎంత ఏడ్చే పిల్లయినా ఆ కాళ్ల మీదే కునుకు తీస్తుంది. మా గంగాప్రసాద్, మా రజని ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే. బాలింతగా నా నడుము నిలబెట్టింది కూడా ఆ చేతులే. ఆమె మొగుడు ఓదెలు తాగి తాగి పోయాడు. అప్పటినుంచి ఎక్కడైనా సారా వాసన తగిలితే ఆమె ఆ వీధిలో నడవదు. ఇది ఊరందరికీ తెలుసు. నాకు అందరికంటే ఎక్కువ తెలుసు. అయినా ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

సంగతి ఇట్లా మొదలైంది. జగిత్యాలలో బట్టల దుకాణం వాళ్ల బిడ్డ ప్రీతికి మొదటి కాన్పప్పుడు నాగవ్వే నీళ్లు పోసింది. రెండో కాన్పుకు ఆ అమ్మాయి పుట్టింటికి రాలేకపోయింది. భర్త వినోద్ హైదరాబాదుకు ఇవతల ఒక పెద్ద హోటల్లో మేనేజరు. పెద్ద హోటలంటే మనం ఇడ్లీ తినేది కాదు. నిజాం కాలం నాటి సారా కార్ఖానా ఒకటి పాడుబడి ఉంటే, ఎవరో కొని, గోడలూ పొగగొట్టమూ అట్లాగే ఉంచి, లోపల మహలు చేశారు. డబ్బున్నవాళ్లు అక్కడికి వచ్చి నాలుగు రోజులుండి, ఒళ్లు పిసికించుకుని, గులాబీ రేకుల నీళ్లలో మునిగి పోతారు. స్పా అంటారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే నాగవ్వకు ఈ గతి పట్టేది కాదు.

ప్రీతి కిరాయి కారు మాట్లాడి పంపింది. రెండు రోజులుండి, అక్కడి ఆయాకు నీళ్లు పోయడం నేర్పి వస్తానని నాగవ్వ పోయింది. ఆమె పోయిన మర్నాడే బస్సులు సమ్మెలోకి దిగాయి. తర్వాత రైళ్లు ఆగాయి. మనిషి అక్కడే చిక్కుకుంది.

కారు నడిపిన భూమన్న మా గల్లీ వాడే. అతను తిరిగొచ్చేసరికి మేమంతా చౌరస్తాలో దీక్షా టెంటు కింద ఉన్నాం. ఆడవాళ్లం చాటలు తెచ్చుకుని, బీడీలు చుడుతూ నడుమ నడుమ చెయ్యి ఎత్తి జై తెలంగాణ అంటున్నాం. భూమన్న మంచినీళ్లకని ఆగాడు.

"నాగక్కను ఏడ దించినవ్ రా?" అన్నాను.

"సారా కంపెనీ కాడ."

"ఏం కంపెనీ?"

"సారా కంపెనీ, పెద్దమ్మా! గోడ మీద రాతిల చెక్కి ఉన్నది. గింతెత్తు పొగగొట్టం గూడ ఉన్నది."

"ఆడ ఏం జేసింది?"

"నాకేం ఎర్క? గేటు కాడ్నే ఒక పోరి మెడల దండేసింది. గిలాసల ఏందో పోసిచ్చింది. తాగింది. నేను బండి మలుపుకొని అచ్చిన."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను కూడా ఏమీ కలపలేదు. పక్కనున్న లక్ష్మవ్వ వైపు తిరిగి, "ఇన్నవా? నాగక్క సారా కంపెనీల దిగిందట. గేటు కాడ్నే గిలాస అందుకున్నదట" అన్నాను. 'గేటు కాడ్నే' అన్నచోట గొంతు కొంచెం సాగదీశాను. చేసిన పాపం ఆ సాగదీత ఒక్కటే.

మూడో రోజు మెట్‌పల్లి నుంచి నడుచుకుంటూ ఒకామె టెంటుకు వచ్చింది. "మీ గల్లీల ఎవరో ఒకామె పిల్లలకు నీళ్లు పోసుడు బంద్ పెట్టి సారా కంపెనీల వాటా తీసుకున్నదట గదా?" అంది. "అవునా! ఎవరామె?" అని జరిగి చోటిచ్చి, చాయ్ తెప్పించి, కళ్లు పెద్దవి చేసుకుని విన్నాను. సగం విన్నాక గానీ అది నా మాటేనని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కూడా ఆపలేదు. ఆమె నాకంటే బాగా చెబుతోంది మరి. ఆ సాయంత్రమే సిరిసిల్లకు, మా రజని అత్తగారు రాజలక్ష్మికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మరమగ్గాలు ఆగి ఆమెకు పొద్దు పోవడం లేదని నా బాధ.

ఆరు రోజుల తర్వాత నాగవ్వ ఉల్లిగడ్డల లారీలో దిగింది. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. ఎప్పుడూ పగిలి ఉండే మడమలు చంటిపిల్ల మడమల్లా ఉన్నాయి. నేను దగ్గరికి పోయి గట్టిగా గాలి పీల్చి చూశాను. సారా వాసన రాలేదు. ఖరీదైనది తాగి ఉంటుంది, వాసన రాదు కాబోలు అనుకున్నాను.

"ఎట్లున్నదక్కా ఆడ?"

"ఉన్నది" అని ఇంట్లోకి పోయింది.

అప్పటికే లక్ష్మవ్వ బాలింతగా ఉన్న తన కోడలికి వేరే ఆమెను మాట్లాడుకుంది. తాగే చేతుల్లో పసిదాన్ని ఎట్లా పెడతామంది. ఇంకో రెండిళ్లవాళ్లు కూడా అదే మాటన్నారు. పొద్దున్నే నూనె సీసా పట్టుకుని నాలుగిళ్లు తిరగాల్సిన మనిషి గడపలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ ఇళ్లే ఆమెకు బతుకుదెరువు, వేరే లేదు. తిడుతుందేమోనని చూశాను, తిట్టలేదు. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. గల్లీలో ఏదైనా చూడకుండా ఉండలేని నేను, ఆ గడప వైపు మాత్రం చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

అప్పుడు కాన్పుకు మా ఇంటికొచ్చిన రజని ప్రసవించింది. ఆడపిల్ల. లక్ష్మవ్వ మాట్లాడుకున్న ఆమెనే నేనూ పిలిచాను. మొదటి రోజే చెంబెడు నీళ్లు ముఖం మీద గుమ్మరించింది. పిల్లకు ఊపిరందక పెదవులు నల్లబడ్డాయి. తలకిందులు చేసి వీపు తడితే గానీ ఏడవలేదు. రజని మంచం మీదనుంచే అరిచింది.

"నాగవ్వ రాకుంటే నా పిల్లకు నీళ్లే పొయ్యద్దు, అమ్మా!"

ఇంతలో సిరిసిల్ల నుంచి రాజలక్ష్మి ఫోన్. "వదినె, గా తాగే ఆమెతోని మాత్రం నా మనవరాలికి నీళ్లు పోపియ్యకుండ్రి. మీరే చెప్పిన్రు గదా."

ఇక ఉండబట్టలేదు. సమ్మె అయిపోయి బస్సులు తిరుగుతున్నాయి. ప్రీతి పిల్లను తీసుకుని జగిత్యాల వచ్చిందని తెలిసి బస్సెక్కాను. మొహమాటం లేకుండా అడిగాను, తాగిందా లేదా అని. ప్రీతి ముందు నవ్వింది. ఊళ్లో ఏమంటున్నారో చెప్పగానే నవ్వు ఆపేసింది.

"గేటు కాడ ఇచ్చింది అల్లం నీళ్లు, పెద్దమ్మా. అచ్చినోళ్లందరికి ఇస్తరు."

సమ్మె వల్ల హోటలుకు రావాల్సినవాళ్లు ఎవరూ రాలేదట. గదులన్నీ ఖాళీ. వినోద్ చెరువు కనబడే మంచి గది ఒకటి నాగవ్వకు ఇచ్చాడు. మాలీషు చేసే కేరళ పిల్లలకు పని లేదు. అవ్వా, మీకు చేస్తాం రండని పిలిచారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఇత్తడి పళ్లెంలో కాళ్లు పెట్టి కడిగారు. పసుపు, గంధం కలిపి చేతులకూ మెడకూ పూశారు. దండ వేశారు. ఇంత జరిగేసరికి నాగవ్వ బిర్రబిగుసుకుపోయింది. మైసమ్మకు బలిచ్చే మేకపోతుకు ఇవే చేస్తాం కదా. చివర్న నీళ్లు చల్లి, ఒళ్లు విదిలించేదాకా చూస్తాం. విదిలిస్తే ఒప్పుకున్నట్టు లెక్క. సరిగ్గా అప్పుడే ఒక పిల్ల చల్లటి పన్నీరు చల్లింది. పైన ఏసీ. నాగవ్వ ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది.

"నేను ఇదిలియ్యలే! సలికి వణికిన!" అని కేకపెట్టి, దండతోనే వరండా అంతా తడికాళ్లతో ఉరికి ప్రీతి గదిలో దూరిందట.

రెండో రోజు గది తలుపు తియ్యలేదు. మూడో రోజు వచ్చి, బొటనవేలు అట్లా కాదు, ఇట్లా పెట్టాలని ఆ పిల్లలకే నేర్పింది. నాలుగో రోజు నుంచి పిలవకముందే పోయి బల్ల మీద పడుకునేది. ఒకసారి కళ్లవెంట నీళ్లు కారితే నొప్పి పెట్టామేమోనని పిల్లలు భయపడ్డారు. కాదని చెయ్యి ఊపి మళ్లీ నిద్రపోయిందట.

తిరుగు బస్సులో ఆ మేకపోతు సంగతి తలచుకుని ఎంత నవ్వానంటే, కండక్టరు వచ్చి మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

ఇంటికి రాగానే లక్ష్మవ్వ వాకిట్లో నిలబడి, నాలుగిళ్లకు వినబడేట్టు, నాగవ్వ తాగలేదు, తప్పు నాదే అని చెప్పాను. తర్వాత సిరిసిల్లకు ఫోన్ చేశాను.

"మరి గప్పుడు తాగిందన్నరు?" అంది రాజలక్ష్మి.

"గప్పుడు నాకు అసలు సంగతి తెల్వది, వదినె."

"తెల్వకుంటనే గంత ఇవరంగ ఎట్ల చెప్పిన్రు?"

నేను ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. మళ్లీ ఆమే అంది. "సరే, పిలువుండ్రి. మీరు మాత్రం పక్కనుండి సూడుండ్రి." చూడడం నాకు ఒకరు చెప్పాలా!

నాగవ్వ గడపలోనే ఉంది. "నీళ్లు కాగుతున్నయి, అక్కా. రజని బిడ్డకు" అన్నాను. లేచి, నూనె సీసా చంకన పెట్టుకుని నా వెనకే వచ్చింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. పిల్ల ఆ కాళ్ల మీద రెండు నిమిషాలు ఏడ్చి ఊరుకుంది. ఆమె వేళ్లు ఆ చిన్న వీపు మీద తిరుగుతుంటే నాకు నోరు ఆగలేదు.

"అక్కా, గా మాట పుట్టించింది నేనే."

"ఎర్కే."

"ఎర్కైతే ఎందుకు ఊకున్నవ్? ప్రీతి అంత చెప్పింది. మాలీషు చేసిన్రు, అల్లం నీళ్లు ఇచ్చిన్రు అని ఒక్క మాటంటే నీ ఇండ్లు పోకుండె గదా? ఎందుకు చెప్పలే?"

నాగవ్వ చెంబు అందుకుంది. పిల్ల నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తల ఎత్తకుండానే అంది.

"తాగిందంటే అందరు నమ్మిన్రు, చెల్లె. నాగవ్వను పండవెట్టి ఎవరో కాళ్లు వట్టిన్రంటే నమ్ముదురా? నవ్వుదురు. నలభై ఏండ్లసంది అందరి ఒళ్లు నేను వట్టిన గని, నా ఒంటి మీద చెయ్యేసినోళ్లు ఎవరు? తాగిందంటే అననీ. గా ఒక్క ముచ్చట మీద మాత్రం ఎవరు నవ్వద్దనుకున్న. నువ్వు బస్సుల నవ్వుకుంటనే అచ్చి ఉంటవ్, నాకెర్కే. ఇగ సాలు గని, జర ఇంకో చెంబు తోడు."