సైలెన్సర్ మారిస్తే గుర్రాలు రావు

నా భార్య తమ్ముడు తన కారుకు కొత్త సైలెన్సర్ బిగించుకుని విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చిన రోజు, వాడు మా వాకిట్లోకి రాకముందే ఊరి కుక్కలు కాఫీ తోటల్లోకి పారిపోయాయి. వాడు దిగి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"పది గుర్రాలు పెరిగినాయి బావా."

"ఎవరు కొలిచారు?"

"కొట్టాయన సెప్పినాడు."

"అమ్మేవాడు చెప్పక ఇంకేం చేస్తాడ్రా?"

"నీకు కారెక్కడం తప్ప తోలడం రాదు. నీకేటి తెలుస్తాది?" అన్నాడు. ఎప్పుడు వాదన వచ్చినా వాడు చివరికి పట్టుకునే కొమ్మ ఇదే.

వాడికి ఆ గుర్రాలు, అంటే హార్స్ పవర్, ఎందుకు కావలసి వచ్చాయో చెప్పాలి. డుంబ్రిగుడ దారిలో ఒక కొండ మీద రిటైరైన టీచరమ్మగారి అతిథి గృహం ఉంది. చలికాలమంతా ఆవిడ దగ్గరికి వచ్చే అతిథుల్ని అరకు స్టేషన్ నుంచి తీసుకెళ్లడం మావాడి పని. ఆ పనే వాడికి ఏడాది తిండి. ఆ కొండకు చివర్లో ఒక నిట్టనిలువు సిమెంటు దారి ఉంది. వానాకాలంలో రెండు మూడుసార్లు కారు అక్కడ ఆగిపోయి, అతిథులు దిగి పెట్టెలు మోసుకుంటూ పైకి నడిచారు. టీచరమ్మగారు అరిచే మనిషి కాదు. "ఇంకొక్కసారి నా అతిథులు నడిచి వచ్చారంటే వేరే కారు చూసుకుంటాను బాబూ" అని మెల్లగా చెప్పారు. కారులో బలం చాలడం లేదని మావాడు తీర్మానించుకున్నాడు. బలం ఎలా పెరుగుతుందో ఫోనులో వీడియోలు చూశాడు. ఆ వీడియోల్లో ఎవడో ఒకడు కారు వెనక గొట్టం దగ్గర మైకు పెట్టి, ఆ రొద విని తనే మురిసిపోతుంటాడు. అదీ వాడు చేసిన పరిశోధన.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తరవాత నేర్చుకున్నదంతా మండల గ్రంథాలయంలోనే. అక్కడ అట్ట ఊడిపోయిన మోటారు మెకానిజం పుస్తకం ఒకటి ఉంది. దాన్ని నేను రెండుసార్లు పూర్తిగా చదివాను. అర్థం కాని చోట భౌతికశాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. అందులో ఉన్న సంగతి చిన్నపిల్లలకు కూడా చెప్పవచ్చు. ఇంజను గాలి పీలుస్తుంది, పెట్రోలు కలిపి కాలుస్తుంది, పొగ వదులుతుంది. పొగ పోయే దారి ఇరుకైతే దాన్ని బయటికి తొయ్యడానికే కొంత శక్తి పోతుంది. ఇంతవరకు కొట్టువాడు చెప్పింది అబద్ధం కాదు. పందెపు కార్లలోనూ, టర్బో ఉన్న పెద్ద కార్లలోనూ ఇంజను దగ్గర నుంచి మొత్తం గొట్టాలు మార్చి, లోపలి కంప్యూటరును కూడా దానికి తగ్గట్టు సరిచేస్తే నిజంగానే శక్తి పెరుగుతుంది. మావాడిది సంసారపు కారు. దానికి కంపెనీవాడు పెట్టిన దారి ఆ ఇంజను వదిలే పొగకు సరిపడా ఉంది. వెనక సైలెన్సర్ డబ్బా ఒక్కటే మారిస్తే, ఇంజను గొంతు చించుకుని తిరిగే వేగంలో ఒక గుర్రమో, అర గుర్రమో రావచ్చు. ఆ వేగంలో ఘాట్ రోడ్డు మీద ఎవడూ ఇంజను తిప్పడు. పైగా గొట్టం మరీ లావైతే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఉన్న లాగే పట్టు కూడా కొంచెం తగ్గుతుంది. కొండెక్కేవాడికి కావలసింది ఆ పట్టే.

ఇదంతా ఓపిగ్గా చెప్పాను. "పుస్తకం కొండెక్కదు బావా" అన్నాడు. సరే, కొండ మీదే చూద్దామన్నాను.

అరకులో హార్స్ పవర్ కొలిచే యంత్రం లేదు. అక్కర్లేదు కూడా. ఎంత బరువును ఎంత ఎత్తుకు ఎంత త్వరగా ఎత్తావన్నదే హార్స్ పవర్. ఆదివారం చర్చి అయ్యాక మా అత్తగారిని, ఆవిడ చెల్లెల్ని, నా భార్యను కారెక్కించి, తెలిసిన మెకానిక్ షెడ్డు పక్కనున్న ఎత్తు మీద పరీక్ష పెట్టాను. అదే బరువు, అదే దారి, అదే గేరు, ఫోనులో గడియారం. కొత్త సైలెన్సర్‌తో కొన్నిసార్లు, పాతది బిగించి కొన్నిసార్లు. కారెక్కేవాళ్లందరినీ చెవులు గట్టిగా మూసుకోమన్నాను. మా అత్తగారు, "చెవులు మూసుకుంటే దేవుడి మాట ఎలా వినబడతాది?" అని నవ్వి మూసుకోలేదు. ఆవిడ చెల్లెలూ అంతే. నా భార్య మాత్రం చెంగు చుట్టుకుని, దాని మీద అరచేతులు ఒత్తుకుని కూర్చుంది.

గడియారానికి రెండు సైలెన్సర్లకూ తేడా తెలియలేదు. ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు మాత్రం పాతదే ఒక పిసరు ముందుంది. ఏది వేగంగా ఎక్కిందని అడిగితే మా అత్తగారు, ఆవిడ చెల్లెలు, తోలినవాడు ముగ్గురూ కొత్తదే అన్నారు. "బాణంలా ఎల్లిపోయింది" అంది అత్తగారి చెల్లెలు. నా భార్య చెంగు విప్పుకుంటూ, "రెండూ ఒకేలాగున్నాయి, రెండుసార్లూ నడుం పట్టేసింది" అంది.

"విన్నావురా?" అన్నాను.

"అక్క సెవులు మూసుకుంది కదా, దానికేటి తెలుస్తాది?"

ఇంతకన్నా మూర్ఖమైన మాట నేను వినలేదు. ఆ పూటే వాడు కొత్తది మళ్లీ బిగించుకుని వెళ్లిపోయాడు.

అసలు ఆ సిమెంటు దారి మీద కారు ఎందుకు ఆగుతోందో నాకు ముందే తెలుసు. మా వైపు డ్రైవర్లకు ఒక గొప్ప ఉంది. ఎత్తు మీద ఫస్టు గేరు వెయ్యడం నామోషీ. జీపులు తోలిన రోజుల్లో మొదలైంది ఈ జబ్బు. డీజిలు జీపు నెమ్మదిగా తిరుగుతూ కూడా సెకండు గేర్లో మనుషుల్నీ మూటల్నీ లాగేసేది. ఆ జీపులు పోయి చిన్న పెట్రోలు కార్లు వచ్చాయి, పొగరు మాత్రం పోలేదు. చిన్న పెట్రోలు ఇంజను బలమంతా వడిగా తిరిగినప్పుడే బయటికి వస్తుంది. దాన్ని సెకండులో పెట్టి పీక నొక్కితే ఉన్న గుర్రాలు కూడా నిద్రపోతాయి. కొండ కింద టీ కొట్టు దగ్గర కూర్చునే డ్రైవర్లు ఎవడైనా ఫస్టు వేస్తే ఇంజను గొంతును బట్టి పసిగట్టి, "ముసలోడైపోనాడు" అని వారం రోజులు నవ్వుతారు. వాళ్ల నవ్వుకు భయపడి మావాడు తిండి పెట్టే పనిని పోగొట్టుకోబోతున్నాడు. ఫస్టు వెయ్యరా అని ఎన్నిసార్లు చెప్పానో. "తోలడం నేర్చుకున్నాక సెప్పు" అనేవాడు.

చలికాలం మొదటి అతిథులు దిగిన రోజు నేను కొండ మీదే ఉన్నాను. టీచరమ్మగారికి మా తోట కాఫీ పొడి, మిరియాలు ఇవ్వడానికి వెళ్లాను. కింద నుంచి ఆ రొద మొదలైంది. వానాకాలం నుంచీ అక్కడే ఉంటూ, వరండాలో పుస్తకం చదువుకుంటున్న పాత అతిథి ఒకాయన లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. రొద దగ్గరికొచ్చి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసిన చప్పుడు, మళ్లీ దగ్గు.

"దిగుతున్నారేమో చూడండి" అన్నారు టీచరమ్మగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, నిర్ణయం ఉంది.

నేను గబగబా కిందికి దిగాను. కారు దారి మధ్యలో బ్రేకు మీద నిలబడి ఉంది. వెనక సీట్లో భార్యాభర్తలు, ముందు సీట్లో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న పెద్దావిడ. వెనకాల మలుపు దగ్గర టీ కొట్టు డ్రైవర్లు చేరారు, చేతుల్లో గ్లాసులతో. చప్పుడు ఆగిందంటే తమాషా ఉందని వాళ్లకు తెలుసు.

నేను కిటికీలోకి వంగి, "ఫస్టు వెయ్యి" అన్నాను.

"ఆలు సూత్తన్నారు బావా."

"వాళ్లు నీకు అన్నం పెడతారా?"

పెద్దావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ ఫస్టేదో వెయ్యి బాబూ. నేను దిగితే మీరిద్దరూ కలిసి నన్ను మోయాలి" అంది.

వాడు తల వంచుకుని గేరు మార్చాడు. ఇంజను వడి అందుకుంది, కొత్త సైలెన్సర్ కొండంతా అరిచింది, కారు ఎక్కడా తడబడకుండా పైకి పోయింది. అతిథులు వాకిట్లో దిగారు.

టీచరమ్మగారు పెద్దావిడకు చెయ్యి అందించి లోపలికి పంపి, మావాడి వైపు తిరిగారు. "ఎవరూ నడవలేదు, సంతోషం. పని నీదే. కానీ ఈ మోతతో రేపు నా వాకిట్లోకి రాకు. ఇక్కడికి వచ్చేవాళ్లు పిట్టల్ని వినడానికి వస్తారు." మర్నాడు పొద్దున్నే పాతది బిగించుకొచ్చాడు. అప్పటి నుంచి అదే కారు, అదే పాత సైలెన్సర్, అదే దారి. మలుపు తిరిగి, టీ కొట్టుకు చప్పుడు అందనంత దూరం పోగానే ఫస్టు వేస్తాడు. ఒక్కరూ నడవలేదు.

టీ కొట్టు దగ్గర జరిగింది వేరు. ఆ రోజు ఫస్టు గేర్లో కొత్త గొట్టం పెట్టిన మోతకు ఇంజను గొంతు వాళ్లకు అందలేదు. కారు ఎక్కిన వైనం చూసి గుర్రాలు నిజమేనని తేల్చుకున్నారు. వాళ్లలో ఒకడు మావాడి దగ్గర ఆ సైలెన్సర్ అడిగి కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ కొన్నవాడు ఆ రొద పెట్టుకుని సెకండు గేర్లో ఎత్తులెక్కబోయి, దారి మధ్యలో ఆగి, ఎక్కినవాళ్లను దింపి నడిపిస్తున్నాడు. ఇంజనులో ఏదో లోపం ఉందంటున్నాడట.

మొన్న మావాడు మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అటూ ఇటూ చూసి, "ఫస్టు సంగతి టీ కొట్టు కాడ సెప్పీకు బావా" అన్నాడు.

"చెప్పినా నమ్మరులే. నాకు తోలడం రాదు కదా" అన్నాను.