ఎదురుకాళ్ళ వైద్యం

మాది హంసలదీవి దగ్గర పల్లె. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని మావైపు నమ్మకం. దాంతో తొంభైల్లో, ఇంటర్ చదివే రోజుల్లోనే, నేను ఊరికి పెద్ద డాక్టర్ని!

ఒక ఆదివారం పొద్దున్నే చేపలమ్మే మంగత్త వచ్చింది. "మూడు నెలలుగా నడుం ఒకటే పీకుతోందే. సాయంత్రమైతే జ్వరం. తట్ట మొయ్యలేకపోతున్నా. ఒక్క తన్ను తన్నవే తల్లీ" అంటూ అరుగు మీద బోర్లా పడుకుంది. నడుం మధ్యలో చిన్న బొడిపె కనిపించింది. పట్టు అక్కడే ఉందనుకుని సరిగ్గా దానిమీదే తన్నాను.

అత్త కెవ్వుమంది. లేవబోతే కాళ్ళు కదల్లేదు! "అమ్మో, నా కాళ్ళేవే? ఉన్నట్టే తెలీట్లేదే!" అని ఏడుపు. అందరం కలిసి బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు, "వెన్నెముకకి టీబీ అమ్మా ఇది. పూస గుల్లైపోయి నరాన్ని నొక్కుతోంది. ఇలాంటి వెన్నుని తన్నిందెవరండీ?" అన్నారు. అందరూ నావైపు చూశారు. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను.

ఆపరేషన్ చేశారు. ఏడాదికిపైగా మాత్రలు మింగింది. ఒకరోజు మా గుమ్మంలో "చేపలమ్మా, చేపలూ!" అని కేక. పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, మంగత్త! తన కాళ్ళమీద తనే నిలబడి ఉంది! తట్ట కూతురి నెత్తిన ఉంది. నన్ను చూడగానే గిరుక్కున వీపు తిప్పి, "ఏదీ, ఇప్పుడు తన్నవే చూద్దాం!" అంది. ఏడుస్తూ, నవ్వుతూ ఆ వీపునే వాటేసుకున్నాను.

ఇప్పటికీ ఎవరైనా నడుం పట్టేసిందంటూ వస్తే, కాళ్ళు మడిచి కూర్చుని, "ఎక్స్‌రే తీయించారా?" అంటాను.